చిన్న ట్రాక్టరుకు ఎన్నడుగుల ఫినిష్ మోవర్? కొనేముందు కట్టాల్సిన లెక్క

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం చుట్టుపక్కల మామిడి, జీడి తోటల్లో పాతిక హెచ్‌పీ లోపు చిన్న ట్రాక్టరుకు కల్టివేటరో రోటవేటరో తగిలించడం అందరికీ చేతనైన పనే. గడ్డి కోసే ఫినిష్ మోవర్ దగ్గరే లెక్క తప్పుతుంది. రోటవేటరు పెద్దదైతే ఇంజను అక్కడికక్కడే నల్లపొగ కక్కి మొరాయిస్తుంది, సంగతి తెలిసిపోతుంది. మోవర్ అలా ముందే చెప్పదు. మార్చిలో ఎండు గడ్డి మీద, చదును నేలలో అయిదడుగులదైనా హాయిగా తిరుగుతుంది. "లాగేస్తాది బాబూ, ఏటీ అవదు" అని అమ్మేవాడు అన్నదీ అబద్ధం కాదు, ఆ రోజుకి. అదే మోవర్ సెప్టెంబరులో మోకాలి కిందదాకా పెరిగిన తడి గరికలోకి దిగితే బెల్టు వాసన వస్తుంది. కాబట్టి లెక్క ఎప్పుడూ సెప్టెంబరు గడ్డికే కట్టాలి.

ముందు ఒక్క మాట. ఫినిష్ మోవర్ పచ్చిక చదునుగా కోసే యంత్రం. మూడు బ్లేడులు, బెల్టు, నాలుగు చక్రాలు. గడ్డి జానెడు లోపు ఉండగా పదిహేను రోజులకోసారి కోసే చోటికి ఇది బాగుంటుంది: శుభ్రంగా ఉంచే తోట, స్కూలు మైదానం, కాలేజీ ఆవరణ, లేఅవుటు. లంటానా పొదలు, వేలెడు లావు మొక్కలు, నడుమెత్తు దర్భ ఉన్న చోట దీన్ని దించకండి. అక్కడికి పొదలు నరికే స్లాషర్ కావాలి. ఏడాదికోసారి మాత్రమే తోట బాగుచేయించేవారికి ఫినిష్ మోవర్ దండగ, అద్దె స్లాషర్ చాలు.

పీటీఓ దగ్గర ఎంత బలం ఉంది

బానెట్ మీద రాసిన హెచ్‌పీ ఇంజనుది. గేర్లు, బేరింగులు, హైడ్రాలిక్ పంపు తమ వాటా తీసుకున్నాక యంత్రాలను తిప్పే వెనక షాఫ్టుకు, అంటే పీటీఓకు, చేరేదే మోవర్‌కు దక్కేది. ట్రాక్టరుతో వచ్చిన పుస్తకంలో "పీటీఓ పవర్" అని విడిగా ఉంటుంది, దాన్నే పట్టుకోండి. కిలోవాట్లలో ఇస్తే 1.34తో హెచ్చించండి. పుస్తకం పోయి ఉంటే ఇంజను హెచ్‌పీలో 80 శాతం అనుకోవడం క్షేమం. మధ్యప్రదేశ్ బుద్నీలో ఉన్న కేంద్ర ప్రభుత్వ ట్రాక్టరు పరీక్షా కేంద్రం నివేదిక మీ మోడలుకు దొరికితే ఇంకా మంచిది. పీటీఓ దగ్గర గరిష్ఠంగా ఎంత వచ్చింది, వేడి వాతావరణంలో ఎంతకు పడింది అన్నవి అందులో వేర్వేరుగా ఉంటాయి.

కొండమీదివాళ్లు ఇంకో కోత వేసుకోవాలి. టర్బో లేని డీజిల్ ఇంజను ప్రతి 100 మీటర్ల ఎత్తుకూ ఒక శాతం చొప్పున బలం పోగొట్టుకుంటుంది, గాలి పలచబడడమే కారణం. కోరాపుట్, సెమిలిగుడ వైపు సుమారు 900 మీటర్ల ఎత్తు. అంటే బరంపురంలో 19 హెచ్‌పీ ఇచ్చే పీటీఓ అక్కడ 17కు కొంచెం పైన మాత్రమే ఇస్తుంది. దిగువన ఉన్న బంధువు ట్రాక్టరుకు అయిదడుగులది ఆడుతోంది కదా అని పైన కొనేవారు మోసపోయేది ఇక్కడే.

అడుగుకు ఎంత బలం

ఎండు గడ్డి, తరచుగా కోసే పచ్చిక అయితే కోత వెడల్పు ప్రతి అడుగుకూ పీటీఓ దగ్గర 4 హెచ్‌పీ. వానాకాలపు తడి గడ్డికి 5. మన వైపు జూన్ నుంచి అక్టోబరు దాకా గడ్డి పచ్చిగానే ఉంటుంది కనుక 5తోనే భాగించండి.

15 హెచ్‌పీ తరగతి, స్వరాజ్ 717 లాంటివి: పీటీఓ దగ్గర 12 అనుకుందాం. అయిదుతో భాగిస్తే రెండున్నర అడుగులకు కూడా చాలదు. నాలుగడుగుల మోవర్ దీనికి వద్దు. ఎండాకాలంలో ఆడినా వద్దు.

24 హెచ్‌పీ, మహీంద్రా జీవో 245 లాంటివి: 80 శాతం లెక్కన 19, భాగిస్తే 3.8. నాలుగడుగులది సరిపోతుంది, తడి గడ్డిలో ఒక గేరు తగ్గించాలి.

27, 28 హెచ్‌పీ, కుబోటా నియోస్టార్ బీ2741, జాన్ డీర్ 3028 తరగతి: 22 దగ్గర. నాలుగున్నర అడుగులు వస్తుంది. అందరూ తడబడేది ఈ తరగతిలోనే. పది పన్నెండు రోజులకోసారి తప్పకుండా కోసే మైదానమైతే అయిదడుగులది తీసుకోవచ్చు. తోట అయితే, అందులోనూ నెల దాటాక గాని కోయని తోట అయితే, నాలుగడుగులే. కోరాపుట్ ఎత్తులో రెండో మాట లేదు, నాలుగే.

అయిదడుగులది నిశ్చింతగా నడవాలంటే 35 హెచ్‌పీ ట్రాక్టరు, ఆరడుగులదానికి 40.

"అడుగు తగ్గితే పని సాగదు కదా" అనేవారి కోసం ఇంకో లెక్క. గంటకు 5 కిలోమీటర్ల వేగం, సాలు మీద సాలు పదో వంతు కలుపుతూ, మలుపులకూ ఆగడానికీ పాతిక శాతం తీసేస్తే నాలుగడుగుల మోవర్ గంటకు సుమారు ఒక ఎకరం కోస్తుంది. అయిదడుగులది ఎకరంపావు. పదెకరాల తోటకు తేడా రెండు గంటలు. బలం చాలక అయిదడుగులదాన్ని 4 కిలోమీటర్ల వేగంతో నడిపితే ఆ రెండు గంటలూ అక్కడే పోతాయి, బెల్టు ఖర్చు అదనం.

పీటీఓ వేగం: 540 మాత్రమే

బలం సరిపోయినా వేగం తప్పితే కోత రాదు. మోవర్ గేరుబాక్సూ పుల్లీలూ కలిసి పీటీఓ నిమిషానికి తిరిగే చుట్లను, అంటే 540 ఆర్‌పీఎంను అయిదారింతలు పెంచుతాయి. 21 అంగుళాల బ్లేడు చుట్టుకొలత 1.68 మీటర్లు. అది నిమిషానికి 2,850 సార్లు తిరిగితే బ్లేడు కొస సెకనుకు 80 మీటర్ల వేగంతో పోతుంది. గడ్డి వంగేలోపు తెగడానికి ఆ వేగం కావాలి. పీటీఓ 400కు పడితే కొస వేగం 60కి దిగుతుంది. గడ్డి తెగడం మాని నలుగుతుంది, మర్నాటికి కొసలు తెల్లబడతాయి.

చిన్న ట్రాక్టర్లలో కొన్నింటికి పీటీఓ లీవరు రెండో మెట్టు ఉంటుంది, 750 అనో 980 అనో రాసి. ఫినిష్ మోవర్ తగిలించినప్పుడు అటు వేయకండి. 540కి చేసిన మోవర్‌ను 750 మీద తిప్పితే బ్లేడు కొస సెకనుకు 111 మీటర్లకు పోతుంది. దానికి తగిన గట్టిదనం బ్లేడుకూ లేదు, బ్లేడు తిరిగే ఇరుసు, అంటే స్పిండిల్, బేరింగుకూ లేదు. లీవరు ఆ వైపు జరగకుండా తీగతో కట్టేస్తే ఇంకా నయం, డ్రైవర్లు మారే చోట మరీనూ.

పీటీఓ వేగం చూపే మీటరు లేని ట్రాక్టరుకు, చుట్లు లెక్కపెట్టే లేజరు టాకోమీటరు ఒకటి తెచ్చుకోండి. మోవర్ తగిలించక ముందే పీటీఓ కొసకు మెరిసే టేపు ముక్క అతికించి, దూరం నుంచి కొలుస్తూ యాక్సిలరేటరు చేతి లీవరు ఎక్కడుంటే 540 వస్తుందో చూసి అక్కడ పెయింటుతో గీత పెట్టండి. ఆ గీత ఉంటే ఎవరు నడిపినా సరిగ్గానే నడుపుతారు.

టైర్ల జాడ, పిన్నులు

వెనక టైర్ల బయటి అంచు నుంచి బయటి అంచుకు టేపు పెట్టి కొలవండి. మోవర్ కోత వెడల్పు దానికన్నా కనీసం 10 సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి. నాలుగడుగులంటే 122 సెంటీమీటర్లు కనుక టైర్ల వెడల్పు 112 లోపు ఉండాలి. లేకపోతే టైరు తొక్కిన గడ్డి మోవర్ పక్క నుంచి తప్పించుకుని రెండు గంటల తర్వాత లేచి నిలబడుతుంది. చిన్న ట్రాక్టర్లలో చాలావాటికి వెనక చక్రాల రిమ్ములు తిప్పి బిగిస్తే వెడల్పు తగ్గుతుంది. అయితే గట్లు, వాలు ఉన్న చోట ట్రాక్టరును ఇరుకు చేసి నడపడం ప్రమాదం.

పిన్నులు కేటగిరీ 1 అయి ఉండాలి: కింది చేతులకు 22 మిల్లీమీటర్లు, పై చేయి అయిన టాప్ లింకుకు 19. పాత మోవర్ కొంటున్నప్పుడు 28 మిల్లీమీటర్ల పిన్నులు కనిపిస్తే అది పెద్ద ట్రాక్టరు కోసం చేసినదని అర్థం, బరువు కూడా అలాగే ఉంటుంది.

ముందు చక్రాల బరువు: కాటా మీద తేల్చుకోండి

"750 కిలోలు ఎత్తే హైడ్రాలిక్‌కు 220 కిలోల మోవర్ ఒక లెక్కా?" అని అడుగుతారు. ఎత్తడానికి ఎత్తుతుంది. అసలు ప్రశ్న ఎత్తాక ముందు చక్రాలు నేల మీద ఎంత నిలుస్తాయన్నది. ట్రాక్టరు మొత్తం బరువులో కనీసం 20 శాతం ముందు ఇరుసు మీద ఉండాలి, లేకపోతే స్టీరింగ్ తేలిపోతుంది.

ఉదాహరణకు 850 కిలోల ట్రాక్టరు, అందులో 340 ముందు ఇరుసు మీద. ముందూ వెనకా ఇరుసుల మధ్య 1.5 మీటర్లు. 220 కిలోల మోవర్‌ను ఎత్తినప్పుడు దాని బరువు వెనక ఇరుసుకు 1.4 మీటర్ల వెనక వేలాడుతుంది. 220ని 1.4తో హెచ్చించి 1.5తో భాగిస్తే 205. అంత బరువు ముందు నుంచి తీసేసినట్టే, మిగిలింది 135. డ్రైవరును 75 కిలోలు వేసుకుంటే మొత్తం 1,145 కిలోలు, అందులో 20 శాతం 229. అంటే దాదాపు 95 కిలోలు తక్కువ. ముందు బంపర్‌కు కట్టే బరువు ఇరుసుకన్నా అర మీటరు ముందుకు ఉంటుంది కనుక ఒకటికి ఒకటింపావు పైన పనిచేస్తుంది. 80 నుంచి 85 కిలోలు వేస్తే సరి. 20 కిలోల పలకలు నాలుగు.

ఈ లెక్క చేయడం కష్టమైతే వడ్ల మిల్లు కాటాకు తీసుకెళ్లండి. మోవర్ ఎత్తిపెట్టి, డ్రైవరు కూర్చుని, మొదట మొత్తం ట్రాక్టరును కాటా మీద పెట్టండి. తర్వాత ముందు చక్రాలు మాత్రమే పలక మీద ఉండేలా ఆపండి. రెండో అంకె మొదటి దానిలో అయిదో వంతుకు తగ్గితే ముందు బరువు కట్టాలి. పావుగంట పని. ఇసుక బస్తాలు తాడుతో కట్టి సరిపెట్టకండి. తోటలో కుదుపులకు జారి ముందు చక్రం కిందకే వస్తాయి.

షాఫ్టు కోయడం

మోవర్‌తో వచ్చే పీటీఓ షాఫ్టు ఏ ట్రాక్టరుకూ సరిగ్గా సరిపడదు, పొడుగ్గానే ఇస్తారు. కొలవకుండా తగిలిస్తే మోవర్ ఎత్తినప్పుడు రెండు గొట్టాలూ అడుగుకు తగిలి, ఆ నెట్టుడంతా ట్రాక్టరు పీటీఓ బేరింగు మీదా మోవర్ గేరుబాక్సు మీదా పడుతుంది. గేరుబాక్సు సీలు కారుతోందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే.

మోవర్ తగిలించి, షాఫ్టు లేకుండా, ట్రాక్టరు పీటీఓ కొసా గేరుబాక్సు కొసా ఒకే ఎత్తుకు వచ్చేదాకా లేపండి. రెంటికీ మధ్య దూరం అన్నిటికన్నా తక్కువయ్యేది అక్కడే. ఇంజను ఆపి, తాళం తీసి, మోవర్ కింద చెక్క దుంగలు పెట్టండి. హైడ్రాలిక్‌ను నమ్మి కింద చేయి పెట్టకండి. షాఫ్టు రెండు భాగాలూ విడదీసి ఒకటి ట్రాక్టరుకు, ఒకటి మోవర్‌కు తగిలించి పక్కపక్కన పట్టుకోండి. ఒక గొట్టం కొస రెండోదాని అడుగుకు 25 మిల్లీమీటర్లు ఖాళీ ఉండేలా గీత పెట్టండి. లోపలి గొట్టం, బయటి గొట్టం, రెండు ప్లాస్టిక్ తొడుగులూ అన్నీ అంతే పొడవు కోయాలి. హాక్సా బ్లేడుతో నిదానంగా కోస్తేనే కొస తిన్నగా వస్తుంది. గ్రైండరు కటింగ్ వీలు పట్టుకుంటే చెయ్యి కొంచెం వాలినా వంకర పోతుంది. కోశాక లోపలా బయటా ఆకురాయితో రాసి, ఇనుప పొడి గుడ్డతో తుడిచి, గ్రీజు పూసి కలపండి. గొట్టం నిండా గ్రీజు కూరకండి, లోపల గాలి బిగుసుకుని జారదు.

మళ్లీ తగిలించి, మోవర్‌ను పూర్తిగా కిందికి దించి చూడండి. అప్పుడు రెండు గొట్టాలూ ఒకదానిలో ఒకటి కనీసం మూడో వంతు, ఎంత తక్కువైనా 15 సెంటీమీటర్లు, కలిసి ఉండాలి. అంతకన్నా తక్కువైతే గుంటలో దిగినప్పుడు షాఫ్టు ఊడి కొరడాలా తిరుగుతుంది.

ఇంకొకటి. షాఫ్టు లోపలి వైపు రెండు యోకులూ, అంటే జాయింట్ల చీలిక కొసలు, ఒకే వరసలో ఉండాలి. విప్పి కలిపేటప్పుడు ఒక గాడి తప్పితే వేగం మీద మోవర్ మొత్తం వణుకుతుంది. మెకానిక్ బ్లేడులు చూసి, బేరింగులు మార్చి, చివరికి ఇక్కడికి వస్తాడు.

ఒకే క్లచ్చు ఉన్న ట్రాక్టరైతే

ఈ భాగం దాటేయకండి. చిన్న ట్రాక్టర్లలో ఒకే క్లచ్చు ఉన్నవి చాలా. క్లచ్చు తొక్కితే ఇంజను విడిపోతుంది గాని పీటీఓకూ చక్రాలకూ మధ్య గేర్లు కలిసే ఉంటాయి. తిరుగుతున్న మూడు బ్లేడుల ఊపు షాఫ్టు మీదుగా వెనక్కి వచ్చి చక్రాలను నెడుతుంది. క్లచ్చు తొక్కినా ట్రాక్టరు రెండు మూడు మీటర్లు ముందుకే పోతుంది. ఎదురుగా జీడి చెట్టు మానో కంచె రాయో మనిషో ఉంటే ఇక చెప్పనక్కర్లేదు.

దీనికి మందు ఓవర్ రన్నింగ్ క్లచ్. సైకిలు వెనక చక్రం ఫ్రీవీలు ఎలా పనిచేస్తుందో ఇదీ అలాగే: ట్రాక్టరు తిప్పితే మోవర్ తిరుగుతుంది, మోవర్ ఊపు మాత్రం ట్రాక్టరుకు చేరదు. పీటీఓ కొసకు తొడిగే చిన్న ముక్క. దీంతో షాఫ్టు పొడవు 10 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది కనుక ఇది తొడిగాకే కొలత తీసి కోయండి. కోశాక గుర్తొస్తే షాఫ్టు మళ్లీ పొడుగైపోతుంది, ఇంకోసారి కోయాలి. పరీక్ష సులువు: షాఫ్టును చేత్తో ఒక వైపు తిప్పితే కదలాలి, రెండో వైపు పట్టేయాలి. రెండు వైపులా పట్టేసిందంటే లోపల తుప్పు, పనికిరాదు.

సిమెంటు కళ్లం మీద మట్టం

వెనక రెండు టైర్లలో గాలి సమానంగా పెట్టి, సిమెంటు కళ్లం మీద నిలబెట్టండి. తాళం తీసి, షాఫ్టు విప్పి, తోలు చేతొడుగులు వేసుకోండి. ఎడమ చివరి బ్లేడును అడ్డంగా తిప్పి దాని ఎడమ కొస నేలకు ఎంత ఎత్తులో ఉందో, రెండో చివర బ్లేడు కుడి కొస ఎంతుందో కొలవండి. తేడా 3 మిల్లీమీటర్లు దాటకూడదు. నాలుగు చక్రాల బ్రాకెట్లూ ఒకే రంధ్రంలో ఉన్నాయో లేదో ముందు అది చూడండి. తర్వాతే కింది చేయి ఎత్తు సరిచేసే లెవలింగ్ రాడ్డు తిప్పండి.

ఇప్పుడు బ్లేడును ముందు వెనక దిశకు తిప్పండి. ముందు కొస వెనక కొసకన్నా 5, 6 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. అలా ఉంటే గడ్డి ఒకసారే తెగుతుంది. వెనక కొస కిందికుంటే కోసినదాన్నే మళ్లీ కోస్తూ బలం తింటుంది. "ట్రాక్టరు చాలట్లేదు" అనుకునేవారు పెద్ద ట్రాక్టరు మాట ఎత్తేముందు ఈ ఒక్క కొలత చూసుకోవాలి.

కోత ఎత్తు చక్రాలతోనే పెట్టాలి, హైడ్రాలిక్‌తో కాదు. లీవరు పూర్తిగా కిందికి వదిలేసి మోవర్‌ను దాని చక్రాల మీదే నడవనివ్వండి. టాప్ లింకు పిన్ను పొడుగు గాడి మధ్యలో ఉంటేనే గట్టు ఎక్కేటప్పుడు మోవర్ వెనక భాగం తనంతట తాను వంగుతుంది. గాడి లేని బ్రాకెట్ అయితే టాప్ లింకు బదులు గట్టి గొలుసు కట్టే పద్ధతీ ఉంది. మైదానానికి 5 సెంటీమీటర్లు చాలు. ఎర్రనేలలో రాళ్లు తేలే తోటకు 7, 8 పెట్టండి. జీడి గింజ రాలేముందు, ఫిబ్రవరి నాటికి, చెట్టు కింద ఏరుకోవడానికి వీలుగా 4కి దించవచ్చు గాని ముందు రాళ్లు ఏరించాలి.

నడిపేటప్పుడు

కోసే ముందు తోట ఒకసారి కాలినడకన తిరగండి. పుట్టలు, తీగలు, విరిగిన కొమ్మలు. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఎగిరిపోయినట్టు, ప్రతి తుఫానుకూ రేకు ముక్కలూ మేకులూ తోటల్లోకి చేరి గడ్డిలో కూరుకుపోతాయి. బ్లేడు కొస వేగం సెకనుకు 80 మీటర్లు అన్నాం కదా, దానికి తగిలిన మేకు కూడా తుపాకి గుండు లాగే వస్తుంది. ముందూ వెనకా గొలుసుల తెర లేని మోవర్ కొనవద్దు. ఉన్నదాన్ని "గడ్డి అడ్డుపడుతోంది" అని విప్పవద్దు. మనుషులు, మేకలు, ఆవులు 50 మీటర్ల లోపు ఉండకూడదు.

ఇంజను తక్కువ వేగంలో ఉండగా పీటీఓ కలిపి, నెమ్మదిగా గీత దాకా పెంచండి. నిండు వేగంలో ఒక్కసారి కలిపితే బెల్టో, భారం మించితే తెగేలా పెట్టిన షియర్ బోల్టో పోతుంది. తర్వాత వేగం సరిచూడండి: 50 మీటర్లు 36 సెకన్లలో నడిస్తే గంటకు 5 కిలోమీటర్లు. తోటలో రెండు చెట్ల మధ్య దూరం తెలిసే ఉంటుంది, వరసలే కొలబద్ద.

ఇంజను గొంతు మారి బరువుగా వినిపిస్తే గేరు తగ్గించండి, యాక్సిలరేటరు మాత్రం గీత దగ్గరే ఉంచండి. చాలామంది తారుమారు చేస్తారు: పొగ కనిపించగానే యాక్సిలరేటరు తగ్గిస్తారు, బ్లేడు వేగం పడుతుంది, కోయని గడ్డి పోగై ఇంకా బరువవుతుంది. జానెడు దాటిన గడ్డిని రెండు సార్లుగా కోయండి. మొదట 10 సెంటీమీటర్ల ఎత్తులో, రెండు రోజులాగి 5లో. మంచు, వాన తడి ఆరేదాకా, తొమ్మిది దాటేదాకా, ఆగితే బలం కూడా మిగులుతుంది.

మలుపులో మోవర్‌ను ఎత్తాల్సి వస్తే పీటీఓ ఆపి ఎత్తండి. తిరుగుతుండగా పూర్తిగా లేపితే షాఫ్టు జాయింట్లు నిలువుగా వంగి వాటి మధ్య ఉండే క్రాసులు పగులుతాయి. చెట్ల వరసల్లో తిన్నగా పోయి, చివర ఒక వరస వదిలి తిరిగితే ఎత్తే అవసరమే రాదు.

ఏది ఎందుకు చెడుతుంది

బెల్టు పొగ: మొదట పుల్లీల కింద గడ్డి ఇరుక్కుందా, స్ప్రింగు లాగుడు ఉందా, బెల్టును బిగువుగా ఉంచే ఐడ్లర్ పుల్లీ తిరుగుతోందా చూడండి. కొత్త బెల్టు మొదటి మూడు నాలుగు గంటల్లో సాగుతుంది, అప్పుడు ఒకసారి బిగించాలి. అవన్నీ సరిగ్గా ఉండి తడి గడ్డిలో మాత్రమే పొగ వస్తే మోవర్ ట్రాక్టరుకు పెద్దదే. ముతక బెల్టు వేస్తే ఆగదు, భారం బేరింగుల మీదకు మారుతుంది.

రెండు బ్లేడుల మధ్య సన్నని గడ్డి గీత మిగలడం: బ్లేడు కొసలు అరిగి పొట్టివయ్యాయి, లేదా పీటీఓ వేగం తక్కువ. ముందు గీత దగ్గర ఉందో లేదో చూసి తర్వాత బ్లేడు కొలవండి. ఒక పక్క మాత్రమే నేల గీకుతుంటే ఆ వైపు టైరులో గాలి తక్కువ.

వణుకు: ఒక బ్లేడు మాత్రమే పదును పెట్టించారా? బ్లేడు మధ్య రంధ్రాన్ని గోడ మేకుకు తగిలించండి. ఏ వైపు కిందికి వాలితే ఆ వైపు, పదును అంచున కాదు, వెనక అంచున కొంచెం రాయండి. పగిలిన బ్లేడును వెల్డింగు చేయించకండి, ఎంత గట్టి వెల్డరైనా సరే. బ్లేడు బోల్టు మర వైపు పుస్తకంలో చూసి విప్పండి, కొన్నింటికి ఎడమ మర ఉంటుంది. బలంకొద్దీ అటే తిప్పితే తెగిపోతుంది.

ట్రాక్టరు వేడెక్కడం: మోవర్ తప్పు కాదు. ఎండు గడ్డి పొట్టు రేడియేటరు జాలీని కప్పేస్తుంది. రెండు గంటలకోసారి ఇంజను ఆపి, లోపలి నుంచి బయటికి ఊదండి. బయటి నుంచి లోపలికి ఊదితే పొట్టు రెక్కల మధ్య దిగబడిపోతుంది.

గేరుబాక్సు నూనె కారడం: షాఫ్టు పొడవు సంగతి చెప్పాం. అది సరిగ్గా ఉంటే పైన గాలి రంధ్రం మూసుకుందేమో చూడండి. లోపలి గాలి వేడెక్కి బయటికి దారి లేక సీలును తోస్తుంది. నూనె 90 నంబరు గేరు ఆయిలు, మట్టం బోల్టు దాకా. అంతకన్నా ఎక్కువ పోసినా కారుతుంది.

క్రాసులకు, స్పిండిళ్లకు ప్రతి 8 గంటలకు గ్రీజు. వానాకాలంలో పని కాగానే బ్లేడుల మీది రేకు, అంటే డెక్కు, అడుగున అంటిన తడి గడ్డిని చెక్క ముక్కతో గీకేయండి. నీళ్ల పైపు పెట్టి బేరింగుల మీద కొట్టకండి. గీకకుండా వదిలేసిన డెక్కు రెండు వానాకాలాలు గడిచేసరికి వేలితో పొడిస్తే దిగిపోయే రేకు అవుతుంది, అందుకే పాత మోవర్ కొనేటప్పుడు పై రంగు కాక అడుగున సుత్తితో తట్టి చప్పుడు వినండి.